కంటికి కనిపించని కూలీలు, కంటికి కనిపిస్తున్న మోసాలు

2025 వానాకాలాన్ని మనం అంత తొందరగా మరిచిపోలేం. ఆగస్టులో యూరియా కోసం తెల్లవారకముందే గోదాముల ముందు చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి కూర్చున్నాం. అప్పుడు వరి పిలకలు వేస్తోంది, పత్తి ఎదుగుతోంది. వారం ఆలస్యమైతే పంట దెబ్బతింటుందని తెలిసినా ఎదురు చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాం.

ఆ రోజుల్లోనే మా పక్క ఊళ్లో ఒక ఎరువుల దుకాణంలో సరుకు వచ్చిందంటే పది మందిమి పోయాం. బస్తాతో పాటు ఒక సీసా కూడా తీసుకోవాల్సిందేనన్నారు. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంది. లోపల ఏముందని అడిగితే, "మంచి సూక్ష్మజీవులు ఉంటయన్నా, భూమికి బలం, తీస్కపోన్రి" అన్నాడు దుకాణదారు. ఏ జీవి, ఎంత ఉంది, ఎప్పుడు తయారైంది అంటే జవాబు లేదు. బిల్లు అడిగితే ముఖం చిట్లించాడు. బస్తా అవసరం మనది కాబట్టి సీసా కూడా మోసుకొచ్చాం. దాన్ని చల్లినవాళ్లు చల్లారు. మా కమిటీ సభ్యుడి ఇంట్లో ఒకటి ఇప్పటికీ దూలం మీద అట్లాగే ఉంది.

ఆ సీసా చూసినప్పుడల్లా మాకు కోపం వస్తుంది. సూక్ష్మజీవుల మాట అబద్ధమై కాదు. అది నూటికి నూరు పాళ్లు నిజమైన మాట. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకొని మన జేబులు కొట్టడం ఒక మోసం. అదే నిజాన్ని చూపించి "మీకు ఎరువులు ఎందుకు, ప్రకృతి ఉంది కదా" అని ప్రభుత్వాలు చేతులు దులుపుకోవాలని చూడటం ఇంకో మోసం. ఈ రెండింటి మధ్య అసలు విషయం మన చేతికి రాకుండా పోతోంది. అందుకే ఈ నెల దీని గురించి విడమరిచి రాయాలనుకున్నాం.

వేరు దగ్గర జరిగే పని

మన తల మీద ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. అయినా ఒక్క మొక్క కూడా దాన్ని నేరుగా తీసుకోలేదు. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేటట్టు మార్చగలిగేవి కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే. ఫ్యాక్టరీ అదే పని చేయాలంటే విపరీతమైన వేడి, ఒత్తిడి, గ్యాసు కావాలి. యూరియా ఖరీదు వెనుక ఉన్నది అదే. రైజోబియం అనే బ్యాక్టీరియా మాత్రం పల్లి, కంది, పెసర, మినుము వేర్ల మీద బుడిపెలు కట్టుకొని, చప్పుడు లేకుండా ఆ పని చేసి పెడుతుంది. మొక్క దానికి కూలిగా తన ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత ఇస్తుంది. పప్పుధాన్యాల వేర్ల బుడిపెల సంగతి జర్మనీలో హెల్‌రీగెల్ అనే శాస్త్రవేత్త 1886లో బయటపెట్టాడు. 1888లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైయరింక్ ఆ బ్యాక్టీరియాను విడదీసి చూపించాడు. మన తాతలకు ఈ పేర్లు తెలియవు. కానీ జొన్నలో కంది సాళ్లు వేయాలని, పెసర తీసిన చేను మరుసటి పంటకు బలంగా ఉంటుందని వాళ్లకు బాగా తెలుసు.

రైజోబియం బాగా పనిచేస్తే ఎకరాకు 20 నుంచి 40 కిలోల దాకా నత్రజని అందుతుందని వ్యవసాయ పుస్తకాలు చెబుతాయి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే పప్పు పంటలో ఒకటి రెండు బస్తాల పని వేరు దగ్గరే జరిగిపోతుంది. వరి, జొన్న, మొక్కజొన్న వేర్ల చుట్టూ తిరిగే అజోస్పైరిల్లం, అజటోబాక్టర్ లాంటివి ఇంత చేయలేవు. అవి ఎంత బాగా పనిచేసినా అర బస్తా యూరియాకు మించి ఆశ పెట్టుకోవద్దు. ఎవరైనా సీసా చూపించి "ఇది చల్లితే వరికి యూరియానే అక్కర్లేదు" అంటే అబద్ధం చెబుతున్నట్టే లెక్క.

భాస్వరం సంగతి వేరు. మనం వేసే డీఏపీలోని భాస్వరంలో సాధారణంగా నాలుగో వంతు కూడా ఆ పంటకు అందదు. మిగిలినదాన్ని నల్లరేగడిలో సున్నం, ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. బస్తాకు 1,350 రూపాయలు పెట్టి ఏళ్ల తరబడి వేసిన సొమ్ము మన భూమిలోనే తాళం పడి ఉందన్నమాట. ఆ తాళాన్ని కొంత తీసేవి భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాలు. అవి వదిలే ఆమ్లాలు గట్టిపడ్డ భాస్వరాన్ని కరిగిస్తాయి. ఇంకో రకం మైకోరైజా. ఇది వేరుతో కలిసి బతికే శిలీంధ్రం. వేరు చేరలేని చోటికి దారపు పోగుల్లాంటి తన తంతువులను పంపి భాస్వరం, జింకు, కొంత తేమ తెచ్చి మొక్కకు ఇస్తుంది. మీరు డీఏపీ ఎక్కువ వేసినకొద్దీ మొక్క ఈ శిలీంధ్రాన్ని పక్కన పెడుతుంది. యూరియా ఎక్కువైతే పల్లి వేరు మీద బుడిపెలూ తగ్గుతాయి. తేరగా వచ్చేటప్పుడు ఎవరైనా కూలి ఎందుకు ఇస్తారు?

మూడో పని కాపలా. మిరప నారుకుళ్లు, పసుపు దుంపకుళ్లు, పల్లిలో మొదలుకుళ్లు, కంది ఎండు తెగులు మొదలయ్యేది మట్టిలోనే. పైన ఎంత మందు కొట్టినా కింద ఉన్న బూజు చావదు. ట్రైకోడెర్మా అనే మంచి శిలీంధ్రం ఆ చెడ్డ బూజును చుట్టుకొని కరిగించి తినేస్తుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వేరు చుట్టూ ముందే చోటు పట్టుకొని, తెగులు జీవులకు కావలసిన ఇనుము దొరకకుండా చేస్తుంది. అయితే ఇవి తెగులు రాకముందు పెట్టుకోవలసిన కాపలా. చేను సగం ఎండిపోయాక ట్రైకోడెర్మా తెచ్చి పోస్తే, దొంగలు పోయాక కుక్కను తెచ్చుకున్నట్టే.

మేము చేసి చూసింది

ఇదంతా శిక్షణ తరగతుల్లో విని నమ్మినవాళ్లం కాదు మేము. ఉమ్మడి పాలమూరులో యాసంగి పల్లి మాకు ప్రాణం. కొన్నేళ్ల కింద మా గ్రామ కమిటీ తరఫున అందరికీ కలిపి రైజోబియం ప్యాకెట్లు కొన్నాం. అట్టపెట్టె దుకాణం ముందు రేకుల వసారాలో ఉంది. తెచ్చి బెల్లం నీళ్లలో కలిపి విత్తనానికి పట్టించాం. ఆ పని చేసింది మా ఇళ్లలోని ఆడవాళ్లే. అప్పుడే మా వాడకట్టు పెద్దమ్మ ఒకామె ఆ నల్ల పొడిని చేతిలోకి తీసుకొని, "దీంట్ల జీవం ఉన్నదంటున్నరు గద బిడ్డా, మరి గింత ఎండల పెట్టినంక బతికే ఉన్నదా?" అని అడిగింది. అందరం నవ్వాం. నెల దాటాక గడ్డపారతో మొక్కలు పెళ్లగించి చూస్తే మందు పట్టించిన సాళ్లకు, పట్టించని సాళ్లకు ఏ తేడా లేదు. నవ్వినందుకు సిగ్గుపడ్డాం.

మరుసటి ఏడు విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి నేరుగా తెప్పించాం. తడి గోనెసంచి చుట్టిన కుండలో పెట్టి తెచ్చాం. సాయంత్రం నీడలో పట్టించి, ఆరబెట్టి, తెల్లారి విత్తాం. ప్రతి చేనులో నాలుగు సాళ్లు పట్టించకుండా వదిలాం. ఈసారి ఫలితం రెండు రకాలుగా వచ్చింది. ఏటా పల్లి వేసే చేలల్లో పెద్ద తేడా కనిపించలేదు. అక్కడ భూమిలో ఆ జీవులు ముందే ఉన్నాయి. పల్లి ఎన్నడూ వేయని చెలకలో మాత్రం వదిలేసిన నాలుగు సాళ్లు దూరం నుంచే పాలిపోయి కనిపించాయి. మొక్క పీకితే ఇటు వేరు నిండా బుడిపెలు, అటు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నల్లరేగడిలో కొత్తగా శనగ వేసిన మా మిత్రులూ ఇదే చెప్పారు. శనగకు పట్టే రైజోబియం వేరు, పల్లికి పట్టేది వేరు. ప్యాకెట్ మీద పంట పేరు చూడకుండా కొంటే డబ్బు దండగ.

ఈ అనుభవంతో మాకు మూడు సంగతులు తెలిశాయి. సరుకు బతికి ఉండాలి. మన భూమికి అది నిజంగా అవసరమై ఉండాలి. పోల్చి చూసుకోవడానికి నాలుగు సాళ్లు వదిలిపెట్టాలి. అమ్మేవాళ్లెవ్వరూ ఈ మూడూ మనకు చెప్పరు.

చచ్చిన సరుకుకు బతికిన ధర

చట్టం లేక ఇదంతా జరగడం లేదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు జీవన ఎరువులను 2006లోనే తెచ్చారు. రైజోబియం లాంటి పొడి సరుకులో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికిన జీవులు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు ఉండాలి. అంటే 200 గ్రాముల ప్యాకెట్‌లో వెయ్యి కోట్ల ప్రాణాలు ఉండాలి. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి తెగుళ్లను ఆపే సరుకు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందకు వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. ఇవి రెండూ కాకుండా "ఎదుగుదల మందు", "వేరు మందు" అంటూ వచ్చే జీవ ఉత్ప్రేరకాలను 2021లో గాని నియంత్రణలోకి తేలేదు. ఆ తర్వాత కూడా 2025 దాకా తాత్కాలిక సర్టిఫికెట్ల మీదే వాటి అమ్మకాలు సాగాయి.

కాగితం మీద ఇంత ఉంది. మరి ఊళ్లో ఏముంది? యూరియా బస్తాలో నత్రజని తగ్గితే పరీక్షలో దొరుకుతుంది. వారం తర్వాత పరీక్షించినా అదే అంకె వస్తుంది. జీవన ఎరువు అట్లా కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర వెయ్యి కోట్లు ఉన్న ప్యాకెట్, మే నెలలో లారీలో, రేకుల షెడ్డులో పది రోజులుంటే చాలు, మన చేతికి వచ్చేసరికి ఉత్త బొగ్గుపొడి. అందుకే దీన్ని దుకాణంలో, అమ్మే రోజున పరీక్షించాలి. మా మండలంలో ఎరువుల నమూనాలు తీయడం చూశాం. జీవన ఎరువుల నమూనా తీయడం మాత్రం మేము చూడలేదు. పాలు అమ్మేవాళ్లకు చల్లటి డబ్బా కావాలని అందరికీ తెలుసు. ప్రాణమున్న సరుకు అమ్మేవాళ్లకు కనీసం నీడ కూడా అక్కర్లేదా?

పంట పోతే నష్టం ఒక్క ప్యాకెట్ ధర కాదు. మంచి సరుకు వేశానన్న ధైర్యంతో రైతు మిగతా జాగ్రత్తలు తగ్గిస్తాడు. దుంపకుళ్లు వచ్చాక గాని మోసం తెలియదు. అప్పుడు రుజువు ఏదీ ఉండదు, బిల్లూ ఉండదు. పైగా "జీవన ఎరువులు ఉత్తవే" అని ఊరంతా అనుకుంటుంది. నిజంగా పనికొచ్చే విద్య ఊరి నుంచి అట్లా వెళ్లిపోతుంది. మాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

కూలీలను పిలిచి అన్నం పెట్టకపోతే

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకోవాలి. నాట్లకు కూలీలను పిలిచి అన్నం పెట్టకపోతే మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. మట్టిలోని జీవులకు అన్నం సేంద్రియ కర్బనం. అంటే పెంట, కుళ్లిన ఆకు, వేరు, గడ్డి. అది 0.5 శాతం కన్నా తక్కువ ఉన్న భూమిని బీద భూమి కింద లెక్క వేస్తారు. మా సభ్యుల భూసార పరీక్ష కార్డులు పక్కన పెట్టి చూస్తే చాలావాటిలో ఆ గడిలో "తక్కువ" అనే ఉంది. అట్లాంటి నేలలో ఎంత ఖరీదైన సీసా పోసినా అది ఎండిన కుంటలో చేపపిల్లలను వదిలినట్టే.

మన ఊళ్లో ఈ అన్నం ఎక్కడి నుంచి వచ్చేదో మా వయసువాళ్లకు గుర్తుంది. ఇంటింటికీ పెంటకుప్ప ఉండేది. ఎండాకాలం గొర్ల మందను చేనులో నిలబెట్టుకొని కాపరికి గింజలు కొలిచేవాళ్లం. చెరువు ఎండితే ఒండ్రు బండ్ల మీద తోలేవాళ్లం. జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూతకు రాగానే దుక్కిలో కలిపేవాళ్లం. ఇప్పుడు ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. హార్వెస్టర్ కోసిన వరి కొయ్యలకు అగ్గి పెడుతున్నాం. కర్బనమంతా పొగై పోతోంది, పైపొరలో ఉన్న జీవులూ మాడిపోతున్నాయి. రెండు పంటల మధ్య వ్యవధి తక్కువ, కూలి ఖర్చు ఎక్కువ, అందుకే కాలుస్తున్నామన్నది నిజమే. కానీ ఆ మంటలో మన సొమ్ము కూడా కాలుతోందని ఒప్పుకోవాలి.

2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలు ఉన్నాయి. నత్రజని, భాస్వరం మొదలు బోరాన్ దాకా అన్నీ కొలుస్తారు. మట్టిలో ప్రాణం ఎంత ఉందో చెప్పే గడి ఒక్కటీ లేదు. అందుకని మేము ఒక చిన్న పరీక్ష చేసుకుంటున్నాం. ఒకే పాత నూలు పంచె చింపి, ఒక ముక్క చేనులో, ఇంకో ముక్క గట్టు మీది చెట్టు కింద జానెడు లోతున పాతిపెట్టండి. నూలు బట్టే కావాలి, పాలిస్టర్ పనికిరాదు. రెండు చోట్లా తేమ ఉండేటట్టు చూసి, రెండు నెలలకు తీయండి. చెట్టు కింది ముక్క చిల్లులు పడి చిరిగిపోయి, చేనులోది ఉతికి ఆరేసుకునేటట్టు ఉంటే, మీ చేను ఆకలితో ఉందని అర్థం.

ఏడాది కౌలుకు ఎవరు పెంట తోలతారు?

ఒక ముఖ్యమైన మాట. పెంట తోలి, ఒండ్రు పోసి, పచ్చిరొట్ట కలిపితే ఫలితం ఒక్క పంటలో రాదు. మూడు నాలుగేళ్లు పడుతుంది. మన ఊళ్లలో సాగయ్యే భూమిలో ఎంత కౌలు మీద ఉందో మనకు తెలుసు. ఈ ఏడు చేసిన భూమి వచ్చే ఏడు తనకుంటుందో లేదో తెలియని కౌలు రైతు, ట్రాక్టరు కిరాయి పెట్టి వేరేవాళ్ల భూమికి బలం ఎందుకు పోస్తాడు? భూమి కాస్త బాగుపడితే "కౌలు పెంచు" అంటారు. అందుకే అతను యూరియా బస్తాతో ఆ పంట గట్టెక్కాలని చూస్తాడు. అది అతని తప్పు కాదు.

2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వడానికి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు కోసం భూయజమాని దగ్గరికి, ఆఫీసు దగ్గరికి తిరిగి విసిగిపోయినవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. నేల ఆరోగ్యం గురించి వేదికల మీద మాట్లాడే పెద్దలు కౌలు భద్రత గురించి మాట్లాడకపోతే, ఆ మాటల్లో సగం గాలే.

సబ్సిడీ కోతకు ఇది సాకు కాకూడదు

శ్రీలంకలో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. కంపోస్టు సిద్ధంగా లేదు, జీవన ఎరువులు సిద్ధంగా లేవు, రైతుకు శిక్షణ లేదు. వరి, తేయాకు దెబ్బతిన్నాయి. రైతులు రోడ్డెక్కారు. అదే ఏడు నవంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అక్కడ తప్పు సూక్ష్మజీవులది కాదు. ఏళ్లు పట్టే పనిని ఒక ఉత్తర్వుతో చేయాలనుకున్నవాళ్లది.

దీనికి ఎదురు ఉదాహరణ బ్రెజిల్. అక్కడ జొహానా డోబెరైనర్ అనే మహిళా శాస్త్రవేత్త ప్రభుత్వ పరిశోధన సంస్థలో దశాబ్దాల పాటు నత్రజనిని స్థిరపరిచే బ్యాక్టీరియాల మీద పనిచేసింది. సోయాకు నత్రజని ఎరువు మీద కాకుండా బ్యాక్టీరియా మీద ఆధారపడే రకాలనే తయారు చేయాలని పట్టుబట్టింది. ఈ రోజు ఆ దేశం సోయా సాగులో ప్రపంచంలోనే ముందుంది, ఆ పంటకు దాదాపు నత్రజని ఎరువు వేయకుండానే. ప్రభుత్వ పరిశోధన, విత్తనం, నాణ్యమైన కల్చర్ మూడూ కలిసి నడిస్తే అట్లా అవుతుంది.

మన దగ్గరా ఆధారాలు లేకపోలేదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పల్లి, శనగ రైజోబియం మీద దశాబ్దాల కిందే పని జరిగింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకే ట్రైకోడెర్మా లాంటివి పెంచుకోవడం నేర్పుతుంది. ఆంధ్రలో 2016 నుంచి మహిళా సంఘాల ద్వారా ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది. జీవామృతంతో పాటు, వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతి అక్కడ చూసి రాదగినది. 2023లో కేంద్రం తెచ్చిన పీఎం ప్రణామ్ పథకం ప్రకారం, రసాయన ఎరువులు తగ్గించిన రాష్ట్రానికి మిగిలిన సబ్సిడీలో సగం ఇస్తారు. 2024 నవంబరులో ఆమోదించిన ప్రకృతి సేద్య జాతీయ మిషన్‌కు 2,481 కోట్లు కేటాయించి, దేశంలో 10 వేల జీవ ఉత్పాదకాల కేంద్రాలు పెడతామన్నారు. బాగానే ఉంది. కానీ యూరియా తగ్గించింది రైతు అయితే, మిగిలిన సబ్సిడీ రైతుకు ఏ రూపంలో వస్తోంది? ఆ 10 వేలలో మన మండలానికి ఎన్ని? ఈ ప్రశ్నలకు రైతు వేదికలో జవాబు దొరకాలి.

మనవైపు నుంచి చేయవలసినవి

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకొని కూర్చోవాలని మేము అనడం లేదు. ఈ సీజన్ నుంచే ప్రతి గ్రామ కమిటీ ఈ పనులు మొదలుపెట్టాలని కోరుతున్నాం.

ప్యాకెట్ కొనేటప్పుడు జీవి పేరు, పంట పేరు, బతికిన జీవుల సంఖ్య, గడువు తేదీ, లైసెన్సు నంబరు ఐదూ చూడండి. బిల్లు లేకుండా కొనవద్దు. బస్తాకు సీసా లింకు పెడితే ఆ రోజే పది మంది సంతకాలతో వ్యవసాయాధికారికి రాసివ్వండి, ఒక ప్రతి సంఘానికి పంపండి.

విత్తనశుద్ధిలో వరుస తప్పవద్దు. ముందు తెగులు మందు, తర్వాత పురుగు మందు, అవి ఆరాక చివరగా రైజోబియం. బెల్లం నీళ్లు కాచి పూర్తిగా చల్లారాకే కలపాలి. నీడలోనే ఆరబెట్టాలి. జీవన ఎరువును యూరియా, డీఏపీతో కలిపి ఎప్పుడూ చల్లవద్దు.

ట్రైకోడెర్మాను ఒట్టిగా పోయకండి. 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తడి గోనె కప్పి, రోజూ కాస్త నీళ్లు చల్లుతూ వారం పది రోజులు ఉంచండి. కుప్ప మీద పచ్చటి బూజు కమ్మితే అది పెరిగిందని అర్థం. అప్పుడు తేమ ఉన్న సాళ్లలో వేయండి.

పల్లి వేసిన నెల నెలా పదిరోజులకు నాలుగు మొక్కలు మట్టితో సహా పెళ్లగించి, నీళ్లలో కడిగి, బుడిపెలు గోటితో చిదిమి చూడండి. లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తున్నట్టు. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే లేదు. బాగా ఎర్రగా ఉన్న చేనుకు యూరియా ఎందుకని ఒకసారి ఆలోచించండి. అన్ని చేలల్లో ఒకేసారి ఎరువులు ఆపేయమని మేము చెప్పం. ఒక మూల పది గుంటల్లో తగ్గించి చూడండి, పంట చెప్పింది వినండి.

మా డిమాండ్లు

ఒకటి, యూరియాకు మరే సరుకు లింకు పెట్టినా ఆ దుకాణం లైసెన్సు రద్దు చేయాలి. రెండు, జీవన ఎరువుల నమూనాలను సీజనుకు ముందు దుకాణాల్లోనే తీసి, ఫలితాలను రైతు వేదికల్లో, ఆంధ్రలోని రైతు కేంద్రాల్లో అంటించాలి. నాసి సరుకు అమ్మితే పంట నష్టానికి పరిహారం ఇప్పించాలి. మూడు, విశ్వవిద్యాలయాల పర్యవేక్షణలో ప్రతి డివిజన్‌లో ఒక కల్చర్ ప్రయోగశాల పెట్టి, చల్లటి గది ఉన్న సొసైటీల ద్వారా అసలు ధరకు అమ్మాలి. ఆ తయారీలో మహిళా సంఘాలకు పని ఇవ్వాలి. నాలుగు, పచ్చిరొట్ట విత్తనాలు వానలకు ముందే, సబ్సిడీ మీద, అడిగినంత ఇవ్వాలి. వరి గడ్డిని ముక్కలు చేసి నేలలో కలిపే యంత్రాలను చిన్న రైతుకు కిరాయికి అందుబాటులో పెట్టాలి. ఐదు, పీఎం ప్రణామ్ కింద వచ్చే ప్రతి రూపాయికి లెక్క చెప్పి, ఎరువు తగ్గించిన రైతు ఖాతాలో వేయాలి. ఆరు, కౌలు రైతుకు గుర్తింపు కార్డు, కనీసం మూడేళ్ల కౌలు భద్రత కల్పించాలి. ఏడు, ఇవన్నీ జరిగేదాకా, ఆ తర్వాత కూడా, యూరియా, డీఏపీ సరఫరా సీజను ముందే గోదాముల్లో ఉండాలి.

ఈ డిమాండ్లతో వచ్చే నెల మండల కార్యాలయాల్లో వినతిపత్రాలు ఇద్దాం. వచ్చేటప్పుడు మీ భూసార కార్డు జిరాక్సు, దుకాణంలో అంటగట్టిన సీసా ఇంట్లో ఉంటే అది కూడా పట్టుకురండి. మా సభ్యుడి దూలం మీద ఉన్న సీసా కూడా తెస్తున్నాం. అన్నీ కలిపి అధికారి బల్ల మీద వరుసగా పెట్టి ఒక్కటే అడుగుదాం, మా పెద్దమ్మ అడిగినట్టే: "సారూ, దీంట్ల జీవం ఉన్నదా?"